అల్లుడు చూపిన ట్రాక్టరు, అన్న అడిగిన ట్రాక్టరు, మధ్యలో మీ డొంక

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన ఉత్తరం ఇది. తన పేరు, ఊరి పేరు రాయొద్దని ఆ రైతు కోరారు. ఎనిమిది పేజీల ఉత్తరం కనుక సారాంశమే ఇస్తున్నాను.

ఆయనకు 58 ఏళ్ళు. నల్లరేగడిలో ఐదెకరాలు. రెండున్నర ఎకరాల్లో మిర్చి, మిగిలినదాంట్లో ఒక ఏడాది పత్తి, ఒక ఏడాది శనగ. పక్కనే అన్నగారి ఆరెకరాలు. తారురోడ్డు దిగాక చేలదాకా 900 మీటర్ల డొంక. కొన్నేళ్ళ కిందట ఉపాధి హామీలో గ్రావెల్ తోలారు. రెండు వానాకాలాలు బాగానే నిలిచింది. తర్వాత గ్రావెల్ రేగట్లోకి దిగిపోయి, మధ్యలో ఒక పావు కిలోమీటరు మేర మళ్ళీ పాత బురదే మిగిలింది. పోయిన పంటలో మూడో కోత కాయలు ఎండబెట్టి 38 టిక్కీలు (మిర్చి బస్తాలు) తొక్కించి కల్లంలో పట్టా కప్పి ఉంచిన రోజునే అకాల వాన. కిరాయి ట్రాక్టరు వచ్చింది, ఆ పావు కిలోమీటరులో ఇరుసుదాకా దిగబడింది. దాన్ని లాగడానికి వచ్చిన రెండో ట్రాక్టరు కూడా దిగబడింది. చివరికి కూలీల చేత టిక్కీలు నెత్తిన మోయించారు. నాలుగు టిక్కీలు బురదలో పడ్డాయి. "మా ఇంటావిడ చీర కొంగుతో గోనె మీది బురద తుడుస్తుంటే చూడలేక పక్కకి వెళ్ళిపోయాను. యార్డులో ఆ నాలుగూ తడికాయల కింద పక్కన పెట్టారు" అని రాశారు.

ఇక ట్రాక్టరు కొనాల్సిందేనని ఆ రోజే అనుకున్నారు. ఏది కొనాలో తేలడం లేదు. అన్నగారు సెకండ్ హ్యాండ్ 50 హెచ్‌పి ట్రాక్టరు, ట్రక్కు చెరి సగం పెట్టుకుని కొందాం, కిరాయికి కూడా తిప్పుదాం అంటున్నారు. అమెరికాలో వెర్మాంట్‌లో ఉండే అల్లుడు గారు, ఇంటికి వెళ్ళే 400 మీటర్ల గ్రావెల్ దారిలో తన చిన్న ట్రాక్టరు మంచును చిమ్ముతున్న వీడియో పంపారు. చలికాలంలో స్నో బ్లోయర్, వేసవిలో అదే ట్రాక్టరుకి బ్లేడు తగిలించి గ్రావెల్ చదును చేస్తారట. అలాంటి మినీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనండి మామయ్యా, ఆరు లక్షలు నేను పంపుతాను అంటున్నారు. అమ్మాయి ఫోనులో ఏడ్చింది, ఈ వయసులో ఆ బురదలో ఏంటి నాన్నా అని. ఇంటావిడ మాత్రం అల్లుడి డబ్బుతో ట్రాక్టరు వద్దు, కిరాయికే తెచ్చుకుందాం అంటున్నారు. డొంక వాడుకునే కుటుంబాలు 14. క్రితంసారి గ్రావెల్‌కి చందా అడిగితే ఇచ్చింది ఐదుగురే.

ఆరో పేజీలో ఒక వాక్యం ఉంది: "పై చేలవాళ్ళు వాన నీళ్ళు డొంకలోకి వదులుతారు, అడిగితే గొడవ."

ఏ ట్రాక్టరు కొనమంటారు, అల్లుడి డబ్బు తీసుకోవచ్చా అన్నవి ఆయన ప్రశ్నలు.

*

నమస్కారం అండీ. ఏడాదంతా కాపాడుకున్న కాయ కల్లం దాటాక, తారురోడ్డు కనుచూపు మేరలో ఉండగా బురదపాలు కావడం ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగమంతా ఈ జిల్లాల యంత్రాల మధ్యే గడిపినవాణ్ణి. ఇలా దిగబడిన ట్రాక్టర్ల పక్కన చాలాసార్లు నిలబడ్డాను. అందుకే మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ట్రాక్టర్ల గురించి మీరు ఐదు పేజీలు రాశారు. నీళ్ళ గురించి ఒక్క వాక్యం రాశారు. నా సమాధానం ఆ వాక్యం దగ్గర్నుంచే మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి.

మీ డొంక 900 మీటర్లలో 650 మీటర్లు నిలిచింది, 250 మీటర్లు దిగిపోయింది. అన్నిచోట్లా తోలింది ఒకే గ్రావెల్, తిరిగింది అవే బండ్లు. తేడా ఎక్కడుంది? ఆ 250 మీటర్లలోనే పై చేల నీళ్ళు డొంకలోకి దిగుతున్నాయని మీ ఉత్తరాన్ని బట్టి నాకు అనిపిస్తోంది. నల్లరేగడి సంగతి మీకు నేను చెప్పేదేముంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బి వెన్నలా అవుతుంది. ఆ వెన్న మీద గ్రావెల్ పరిచి పైన బండి నడిపితే రాయి కిందికి, రేగడి పైకి. ఎన్ని ట్రక్కులు తోలినా ఆ నేల మింగుతూనే ఉంటుంది. నీళ్ళు నిలవకపోతే అదే రేగడి గట్టిగా ఉండి బరువు మోస్తుంది.

కాబట్టి మీ దారికి ముందు కావలసినవి మూడు. పక్కన నీళ్ళు పోయే బోదె, నీళ్ళు అడ్డంగా దాటేచోట తూము, నడుమ కాస్త ఎత్తు. పన్నెండు అడుగుల డొంకకి అంచుల కన్నా నడుమ మూడంగుళాలు ఎత్తు ఉంటే చాలు, పడ్డ వాన పడ్డట్టే పక్కకి జారిపోతుంది. ఇప్పుడు మీ డొంక దీనికి సరిగ్గా తిరగేసి ఉండి ఉంటుంది. చక్రాల గాళ్ళు రెండూ లోతుగా, మధ్యలో గడ్డి గట్టు, నీళ్ళన్నీ గాళ్ళలోనే. అలాంటి దారిలో వాన కురిసినంతసేపూ డొంక కూడా ఒక కాలవే.

ఇప్పుడు అల్లుడు గారి వీడియో సంగతి. ఆయన సలహా ప్రేమతో చెప్పినది, అక్కడికి సరైనది కూడా. వెర్మాంట్‌లో సగానికి పైగా రోడ్లు ఇప్పటికీ గ్రావెల్ రోడ్లే. 25 హెచ్‌పి చిన్న ట్రాక్టరు అక్కడ ఎందుకు అంత బాగా పనికొస్తుందో తెలిస్తే, మన దగ్గర అందులో ఏది పనికొస్తుందో మీకే తేలుతుంది.

స్నో బ్లోయర్‌ని నడిపేది ట్రాక్టరు పీటీవో, అంటే ఇంజను శక్తిని పనిముట్లకి అందించే షాఫ్టు. నిమిషానికి 540 చుట్లు తిరిగే ఆ షాఫ్టు ముందున్న మరను తిప్పుతుంది. మర మంచును నడుముకి లాగుతుంది, వెనకున్న ఫ్యాను దాన్ని గొట్టంలోంచి దూరంగా విసిరేస్తుంది. బ్లేడుతో నెడితే మంచు రెండు పక్కలా గట్లు కట్టి, చలికాలం సగానికి వచ్చేసరికి ఇక నెట్టడానికి చోటుండదు. అందుకే అక్కడివాళ్ళు బ్లోయర్ కొంటారు. గ్రావెల్ దారి మీద బ్లోయర్ నేలకి ఒక అంగుళం పైన ఉండేలా దాని అడుగున ఉండే ఇనుప పాదాలను కిందికి దించి బిగిస్తారు, లేకపోతే మంచుతోపాటు రాళ్ళూ ఎగురుతాయి. రాయి ఇరుక్కున్నా గేరుబాక్సు పగలకుండా, ముందే తెగిపోయేలా ఒక బోల్టు పెడతారు. వాళ్ళ ట్రాక్టర్లలో చాలావాటికి గేర్లకు బదులు హైడ్రోస్టాటిక్ పెడలు ఉంటుంది. ఇంజను వేగం తగ్గకుండానే బండిని నత్తలా నడపొచ్చు. దట్టమైన మంచులో అది చాలా సుఖం. పైగా చలికాలంలో కింద నేల గడ్డకట్టి రాయిలా ఉంటుంది, చక్రం దిగబడే ప్రశ్నే లేదు.

ఇక బరువు చూడండి. కొత్తగా పడ్డ మంచు మామూలుగా ఘనపు మీటరుకి 100 కిలోల దగ్గర్లో ఉంటుంది. తడిసిన రేగడి మన్ను అదే ఘనపు మీటరుకి 1,700 కిలోలు దాటుతుంది. విసిరేసే యంత్రం దానికి లేదు, ఉన్నా దారి బాగుపడదు. కాబట్టి వీడియోలో మీరు చూసిన సగం, అంటే చలికాలం సగం, అక్కడే వదిలేయండి. రెండో సగం ఉందే, వేసవిలో ఆయన బ్లేడుతో గ్రావెల్ చదును చేయడం, అది మాత్రం మీకు అక్షరాలా పనికొస్తుంది. అల్లుడు గారిని ఈసారి ఆ వీడియో పంపమనండి.

బ్లేడు వేయడంలో రెండు మూడు కిటుకులున్నాయి. దుమ్ము లేచే ఎండలో వేస్తే రాయి విడిపోతుంది, మళ్ళీ కలవదు. బురదలో వేస్తే రేగడి పైకొస్తుంది. వాన పడి తెరిపిచ్చిన రెండో రోజో మూడో రోజో, దుక్కికి చూసినట్టే దారికీ పదును చూసి వేయాలి. గుంట కనిపించిన చోట తట్టెడు గ్రావెల్ పోసి వదిలేస్తే వారంలో మళ్ళీ గుంటే. గుంట అడుగు దాకా గీకి, ఆ మట్టిని కలిపి తిరిగి పరచాలి. బ్లేడును ఏటవాలుగా తిప్పి, అంచుల్లోకి పోయిన గ్రావెల్‌ని నడుముకి లాక్కురావాలి. అప్పుడే మూడంగుళాల ఎత్తు నిలుస్తుంది.

బ్లేడు కొనేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటి చెబుతాను. నాలుగడుగుల బ్లేడును 30 డిగ్రీలు తిప్పితే దాని వెడల్పు దాదాపు 42 అంగుళాలే అవుతుంది. మినీ ట్రాక్టరు వెనక చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. అప్పుడు మీరు చదును చేసినదాన్ని మీ చక్రమే తొక్కుతూ పోతుంది. ఐదడుగుల బ్లేడైతే అదే కోణంలో దాదాపు 52 అంగుళాలు వస్తుంది. షోరూముకి టేపు తీసుకెళ్ళి మీరే కొలవండి, కాగితం మీది అంకెల్ని నమ్మొద్దు.

ఇప్పుడు ట్రాక్టర్లు.

24 నుంచి 28 హెచ్‌పి మధ్య ఫోర్ వీల్ డ్రైవ్ మినీలు మన దగ్గర నాలుగైదు కంపెనీలవి దొరుకుతున్నాయి. కుబోటా, మహీంద్రా, జాన్ డీర్ అందరూ ఈ తరగతిలో ఉన్నారు. వాటి బరువు రమారమి 600 నుంచి 1,100 కిలోలు. తడి డొంకలో వెళ్ళినా గాళ్ళు లోతుగా పడవు. మిర్చిలో, పత్తిలో మొక్క చిన్నగా ఉన్నన్నాళ్ళు సాళ్ళ మధ్య గుంటక, రోటవేటర్ తోలొచ్చు. అయితే మీ అచ్చు, అంటే సాళ్ళ మధ్య ఎడం, ఎంత వెడల్పో చూసుకోండి. మూడడుగుల అచ్చులో తిరగలేని బండిని కొని, దానికోసం అచ్చు మార్చుకున్నవాళ్ళున్నారు. కొమ్మలు కలిశాక ఎలాగూ చేలోకి పోదు. మందు కొట్టే పంపుని పీటీవోకి తగిలించుకోవచ్చు, మిర్చి రైతుకి ఇది చిన్న లాభం కాదు. నెలకోసారి డొంకలో బ్లేడు లాగడానికి సరిగ్గా సరిపోతుంది. డీజిలు గంటకి రెండున్నర, మూడు లీటర్లు.

అది చేయలేనివీ ఉన్నాయి. రేగట్లో వేసవి లోతు దుక్కి దానివల్ల కాదు. నిండుగా లోడెత్తిన పెద్ద ట్రక్కును లాగడం ఒక ఎత్తు, పల్లంలో ఆపడం ఇంకో ఎత్తు. బరువు తక్కువ బండిని వెనకున్న ట్రక్కే నెట్టుకుపోతుంది. మీ 38 టిక్కీలు 45 కిలోల చొప్పున 1,700 కిలోలు. చిన్న ట్రాలీలో రెండు ట్రిప్పులుగా అయితే భయం లేదు, ఒకే ట్రిప్పులో వద్దు. ముందు లోడర్ (మన్ను ఎత్తే తొట్టి) తగిలించాలన్న మాట కూడా మీ ఉత్తరంలో ఉంది. చిన్న బండికి ముందు బరువు వేస్తే వెనక చక్రాలు తేలిపోతాయి. వెనక ప్రత్యేకంగా బరువు కట్టాలి, ముందు ఇరుసు త్వరగా అరుగుతుంది. ఏడాదికి రెండు రోజుల లోడర్ పనికి జేసీబీని పిలిస్తే సరిపోతుంది.

అన్నగారు అడిగే 50 హెచ్‌పి బండి రెండు టన్నుల దాకా ఉంటుంది. దుక్కి, రోటవేటర్, ట్రక్కు అన్నీ చేస్తుంది. కిరాయి కూడా దానికే వస్తుంది. డొంక పొడిగా ఉంటే ఆరేడు అడుగుల బ్లేడు లాగి ఒక్క పూటలో పని ముగిస్తుంది. డొంక తడిగా ఉంటే మాత్రం, లోడుతో అది ఒక్కసారి వెళ్ళిందంటే నెలంతా మీరు చేసిన పని పాడవుతుంది. అంటే ఆ అకాల వాన రోజున మీ దగ్గర 50 హెచ్‌పి బండి ఉన్నా, నిజానికి దిగబడే మూడో ట్రాక్టరు అదే అయ్యేది. ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ఉంటే నాలుగు ట్రిప్పుల్లో టిక్కీలు బయటపడి ఉండేవేమో. తూములు ఉండి ఉంటే ఏ బండైనా దిగబడకుండా బయటపడేది.

ఖర్చు లెక్క కూడా వేద్దాం. ఆరు లక్షల మినీ పదేళ్ళు వాడి లక్షకి అమ్మారనుకోండి. ఏడాదికి 50 వేలు అరుగుదల. సగటున మూడున్నర లక్షల మీద పది శాతం వడ్డీ 35 వేలు. బీమా, ఆయిలు, ఫిల్టర్లు, చిన్నా చితకా 15 వేలు. మొత్తం లక్ష. మీ పనికీ అన్నగారి పనికీ కలిపి ఏడాదికి 120 గంటలు తిరిగితే, డీజిలు పోయకముందే గంటకి 830 రూపాయలు. అదే 400 గంటలు తిరిగితే 250. అల్లుడు గారి డబ్బు అయితే వడ్డీ ఉండదు, అరుగుదల మాత్రం ఎవరి డబ్బైనా ఉంటుంది. మీ ఇంటావిడ కిరాయి మాట ఊరికే అనలేదని ఈ లెక్క చెబుతోంది. కిరాయిలో ఉన్న చిక్కు మీరు చూసిందే. వాన తెరిపిచ్చిన రోజున ఊరంతటికీ ట్రాక్టరు కావాలి, మీ వంతు వచ్చేసరికి పదును దాటిపోతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు నాకు ఇలా కనిపిస్తున్నాయి.

ఈ ఏడాది ట్రాక్టరు కొనకుండా డొంక మీదే డబ్బు పెట్టడం ఒక దారి. ఏప్రిల్, మే నెలల్లో ఆఖరి కోత అయ్యాక జేసీబీతో ఒక పక్క బోదె తీయించండి. నీళ్ళు దాటేచోట్ల సిమెంటు తూములు వేయించండి. దిగిపోయిన 250 మీటర్లలో పైన మెత్తబడిన మన్ను తీసేసి, ముందు క్వారీ డస్ట్ (కంకర పొడి) గానీ, జియోటెక్స్‌టైల్ అనే గుడ్డలాంటి పొర గానీ పరిచి, దాని మీద గ్రావెల్ వేయండి. రేగడినీ రాయినీ విడదీసి ఉంచేది ఆ పొరే. నాలుగంగుళాల మందాన, పన్నెండడుగుల వెడల్పున, రోలరు తొక్కితే తగ్గే పావు వంతు కూడా కలుపుకుంటే సుమారు 41 యూనిట్ల గ్రావెల్ పడుతుంది (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు). ఇదే లెక్కన 900 మీటర్లకీ తోలాలంటే దాదాపు 148 యూనిట్లు. అందుకే అంతా తోలొద్దంటున్నాను. తర్వాత బ్లేడున్న ట్రాక్టరుని కిరాయికి పిలిచి వానాకాలంలో రెండు మూడుసార్లు లాగించండి. ఒక వానాకాలం గడిచేసరికి మీకు నిజంగా ఏ బండి కావాలో డొంకే చెబుతుంది. ఈ దారిలో నష్టం ఏమిటంటే, మందు కొట్టడానికి, అంతరకృషికి ఇంకో ఏడాది కూలీల మీదే ఆధారపడాలి. మీ నడుముకి విశ్రాంతి ఉండదు.

మినీ కొనడం రెండో దారి. మిర్చిలో అంతరకృషికి కూలీలు దొరక్క మీరు ఇప్పటికే అవస్థ పడుతుంటే, చుట్టుపక్కల చేలల్లో గుంటకకీ మందుకీ కిరాయి పని దొరికితే, ఇది నిలబడుతుంది. మీరు మీకోసం మాత్రమే వాడితే పైన చెప్పిన 830 దగ్గరే ఆగుతారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది, పాత కొటేషన్లు పక్కన పెట్టి కొత్తవి అడగండి. చిన్న, సన్నకారు రైతులకి, మహిళల పేరున దరఖాస్తు చేసుకునేవారికి యంత్రాల మీద రాయితీలు ఎప్పుడెప్పుడు తెరుస్తారో రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి. డెమో మాత్రం మీ డొంకలోనే, మీ దిగబడే చోటే చేయించండి. సిమెంటు నేల మీద ప్రతి బండీ బాగానే తిరుగుతుంది.

మూడోది అన్నగారితో ఉమ్మడి. ఇక్కడ బండి కన్నా ఒప్పందం ముఖ్యం. ఇద్దరిదీ మిర్చే, ఇద్దరికీ ఒకే వారంలో దుక్కి, ఒకే వారంలో కాయ తోలకం. ఎవరి చేను ముందు? డ్రైవరుకి జీతం ఎవరిస్తారు? కిరాయి డబ్బు ఎవరి చేతికి వస్తుంది? ఆర్‌సీ ఎవరి పేరున? ఒకరు తప్పుకోవాలంటే రెండోవారు ఎంతకి తీసుకోవాలి? ఈ ఐదూ కాగితం మీద రాసుకోండి. అన్నదమ్ముల మధ్య కాగితమేమిటని అన్నగారు నొచ్చుకోవచ్చు. మా నాన్నా బాబాయీ ఒక ఆయిల్ ఇంజను దగ్గర ఇలాగే మొహమాటపడి ఏమీ రాసుకోలేదు. పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు. మా నాయనమ్మ పోయిన రోజున వాకిట్లో చెరో అరుగు మీద కూర్చున్నారు. ఆ దృశ్యం నా కళ్ళ ముందు నుంచి పోదు. అందుకే ఎవరైనా ఉమ్మడి బండి అంటే ముందు కాగితం అంటాను. సెకండ్ హ్యాండ్ కనుక, ఆర్‌సీలో బ్యాంకు అప్పు నమోదు తీసేశారో లేదో చూడండి. బరువైన రోటవేటర్‌ని లిఫ్టు మీద ఎత్తి ఇంజను ఆపి పది నిమిషాలు ఉంచండి. అది త్వరగా కిందికి జారిపోతుంటే హైడ్రాలిక్ పని ఉందని అర్థం.

నా మనసులో మాట అడుగుతారు కనుక చెబుతున్నాను. మీ స్థానంలో నేనుంటే మొదటి దారిలో మొదలుపెట్టి, ఏడాది తర్వాత రెండో దారికి వస్తాను, అన్నగారి బండి అన్నగారికే వదిలేస్తాను. ఆయన దుక్కి దున్నిపెడితే మీరు ఆయన మిర్చిలో గుంటక తోలిపెట్టొచ్చు, సొంత బండ్లు ఉన్నా పని ఇచ్చిపుచ్చుకోవచ్చు. కానీ ఇంట్లో పరిస్థితి మీకు తెలిసినంత నాకు తెలియదు. అన్నగారు ఉమ్మడి అడగడం వెనక, తమ్ముడు దూరమవుతున్నాడన్న బెంగ ఏదైనా ఉంటే ఈ లెక్కలన్నీ మారిపోతాయి.

అల్లుడు గారి డబ్బు గురించి. తీసుకోవడం తప్పని నేను అనను. కూతురు కన్నీళ్ళు పెట్టుకుంటే అల్లుడు సాయం చేస్తానని ముందుకు రావడం మీ అదృష్టం. మీ ఇంటావిడ బాధ కూడా నిజమైనదే. ఊళ్ళో ఆ ట్రాక్టరు తిరిగినంతకాలం "అల్లుడు కొనిచ్చిన బండి" అనే అంటారు. ఆవిడకి అది రోజూ వినాల్సిన మాట. రెండింటి మధ్యా ఒక మార్గం ఉంది. బండికి తీసుకోకుండా, తూములకీ గ్రావెల్‌కీ ఒక లక్షో లక్షన్నరో సర్దమనండి, పంట మీద రెండు విడతల్లో తిరిగిస్తానని ముందే చెప్పండి. అది 14 కుటుంబాలకీ పనికొచ్చే పని, దాని మీద ఎవరి పేరూ ఉండదు. ఆయన వద్దన్నా తిరిగివ్వండి. ఏ నిర్ణయమైనా అల్లుడు గారికి చెప్పేముందు ఇంటావిడతో కూర్చుని మాట్లాడండి. మీ ఉత్తరంలో ఆవిడ మాట ఒక్కసారే వచ్చింది, అదీ కాదనడానికే.

పై చేలవాళ్ళతో గొడవ గురించి ఒక మాట. వాళ్ళ చేలో నీళ్ళు నిలిస్తే వాళ్ళ మిర్చి కూడా వేరు కుళ్ళి పోతుంది, అందుకే వదులుతున్నారు. వదలొద్దంటే వినరు. "మీ నీళ్ళు పోవడానికి తూము మేం వేయిస్తాం, మీ గట్టు దగ్గర నాలుగడుగులు చోటివ్వండి" అంటే వినే అవకాశం ఉంది. చందా విషయంలో కూడా అందరినీ సమానంగా అడగకండి. తారురోడ్డు పక్కనే చేను ఉన్నవాడికి 900 మీటర్ల దారితో పనేముంది? చివరి చేలవాళ్ళు ఎక్కువ, మొదటివాళ్ళు తక్కువ. డబ్బు ఇవ్వలేనివాళ్ళు ఒక ట్రక్కు గ్రావెల్ తోలడమో, ఒక రోజు మనిషిని పంపడమో చేయొచ్చు. డొంక ఒకప్పుడు రెండు బండ్లు ఎదురుపడినా తప్పుకునేంత ఉండేదని, ఇప్పుడు ఒక ట్రాక్టరుకే కంప గీసుకుంటోందని రాశారు. డొంక హద్దులు సర్వే పటంలో ఉంటాయి, గ్రామ సర్వేయర్‌ని అడిగితే చూపిస్తారు. అయితే కొలతలతో మొదలుపెడితే తూముల మాట అక్కడే ఆగిపోతుంది. ముందు నీళ్ళ పని కానివ్వండి.

ఇంకొక్కటి, ఇది మాత్రం సలహా కాదు, బతిమాలుకుంటున్నాను. మీ డొంకలో రెండో ట్రాక్టరు మొదటిదాన్ని లాగిందని రాశారు. గొలుసు ఎక్కడ కట్టారో రాయలేదు. దిగబడిన బండిని లాగేటప్పుడు గొలుసును లాగే ట్రాక్టరు వెనక కింద ఉండే డ్రాబార్‌కే (లాగుడు కమ్మీకే) కట్టాలి. పనిముట్టును పైన పట్టి ఉంచే టాప్ లింకుకో, ఇరుసు కన్నా ఎత్తులో ఇంకెక్కడో కడితే, లాగే ట్రాక్టరు ముందు చక్రాలు లేచి వెనక్కి డ్రైవరు మీదికే తిరగబడుతుంది. రెండు సెకన్లు కూడా పట్టదు, క్లచ్ తొక్కే వ్యవధి ఉండదు. చక్రాలకి దుంగ కట్టి పైకి రావాలని చూడటం ఇంకా ప్రమాదం. చక్రం తిరగలేక బండి మొత్తం ఇరుసు చుట్టూ లేస్తుంది. దిగబడితే లోడు దించేయండి, చక్రాల ముందు తవ్వండి, వెనక్కి తీయడానికి చూడండి. గొలుసు దగ్గర ఎవరినీ నిలబడనివ్వకండి. మీ అమ్మాయి ఫోనులో ఏడ్చింది ఇలాంటి భయంతోనే.

ఈసారి గట్టి వాన పడగానే ఒక పని చేయండి. గొడుగు, పార, కాస్త ముగ్గుపిండి తీసుకుని తారురోడ్డు నుంచి చేను దాకా నడవండి. వీలైతే అన్నగారిని కూడా తీసుకెళ్ళండి. నీళ్ళు డొంకలోకి ఎక్కడ దిగుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో, ఎక్కడ బయటికి పోవాలని చూస్తున్నాయో గమనించండి. వాన తెరిపివ్వగానే ఆ చోట్ల గట్టు మీద ముగ్గుతో గుర్తులు పెట్టి, తారురోడ్డు నుంచి ఒక్కొక్కటి ఎన్ని అడుగుల దూరమో రాసుకోండి. ఆ అంకెలు నాకు పంపితే ఎన్ని తూములు, ఎంత సైజువి, బోదె ఏ పక్కన తీయాలో లెక్కకట్టి రాస్తాను.